పుణే దాకా

బండి ఎక్కాలంటే నాకు భయం. చిన్నప్పటి నుంచీ అంతే. ఏ ప్రమాదమూ జరగలేదు, కళ్లముందు ఎవరూ పోలేదు, నలుగురికీ చెప్పుకోవడానికి ఒక కారణమైనా లేదు. తలుపు వేసి బండి కదిలిందంటే చాలు, అరచేతులు తడిసిపోతాయి, చేతులు వణకడం మొదలుపెడతాయి. అందుకే నన్ను సోలాపూర్‌లోనే ఇచ్చారు. ముంబై దగ్గరి భివండీ నుంచి మంచి సంబంధం వస్తే నన్ను కన్న మా అవ్వ, "గా పిల్ల అత్తగారింటికి నడిచి పోతదా ఏంది?" అని వాళ్లను చాయ్ తాగించి పంపేసింది. నీలం నగర్‌లో పుట్టాను, బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌కు కాపురానికి వచ్చాను, పుట్టింటికి ఎప్పుడు వెళ్లినా నడిచే వెళ్లాను. దానివల్ల నా బతుక్కేమీ లోటు రాలేదు. బీడీలు చుట్టే ఆడదానికి బండితో ఏం పని? ఆకు, తంబాకు తెచ్చుకునే కార్ఖానా మా గల్లీ చివరే ఉంది.

అలాంటి నేను ఆ ఎండాకాలం పుణే వెళ్లాల్సి వచ్చింది.

మా తమ్ముడు వినాయక్ కుంఠా నాకా దగ్గర టవల్ సాంచాలు నడిపేవాడు. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. వాడికి రెండు కిడ్నీలూ పోయాయి. కాళ్లు వాచి సాంచా ముందు నిలబడలేకపోయాడు. వారం వారం ఆస్పత్రిలో మిషన్ మీద రక్తం కడిగించుకుని, నీరసంగా ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇంట్లో అందరికీ పరీక్షలు చేశారు. అవ్వకు చక్కెర జబ్బు, పనికిరాదన్నారు. నాది సరిపోయింది. స్కానింగులన్నీ సోలాపూర్‌లోనే అయ్యాయి, రక్తం సీసాలు మాత్రం పుణే వెళ్లొచ్చాయి. "నీ కంటే ముందుగాల నీ రక్తమే పుణే చూసింది గదనే" అని మా ఆయన రాజారాం నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మే నెలలో ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. తారీఖు ఇచ్చారు. మాట్లాడిన అమ్మాయి మరాఠీలో ఒక్కో ముక్కా ఒత్తి చెప్పింది. ఆపరేషన్‌కు ముందు డాక్టర్ల కమిటీ ఉంటుందట. నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి మాట్లాడతారట. నా ఇష్టంతోనే ఇస్తున్నానా, ఇంట్లోవాళ్లు బలవంతపెట్టారా అని చూస్తారట. అనుమానం వస్తే ఆపరేషన్ జరగదు.

పొద్దంతా బండిలో వణికి, కక్కుకుని, ముఖం పీక్కుపోయి వచ్చిన ఆడదాన్ని చూసి ఏ డాక్టరమ్మ మాత్రం ఇది ఇష్టపడి వచ్చిందని అనుకుంటుంది? నా పిరికితనం వల్ల నా తమ్ముడు చచ్చిపోతాడు. అది తప్ప ఇంకో ఆలోచన లేదు నాకు.

తెలిసిన మందు ఒకటే, పని. చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరించి, తంబాకు వేసి, చుట్టి, దారం కట్టి, ముడిచి, మళ్లీ ఇంకొకటి. చేతులు ఆడుతున్నంతసేపు మనసు కాస్త ఊరుకుంటుందని నా ఆశ. మనసు ఊరుకోలేదు, పైగా చేతులను కూడా పాడుచేసింది. ఒకటి మరీ బిగుతు, ఒకటి మరీ వదులు. కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునే మనిషి నా కట్టలు విప్పి, సగానికి సగం విరిచి పారేశాడు. "కాయ ఝాలం, ఏమైంది సోనాలీబాయీ? కొత్తగా నేర్చుకుంటున్నవా?" అన్నాడు. పన్నెండేళ్ల వయసు నుంచి చుడుతున్నదాన్ని. తల కొట్టేసినట్టయింది.

పక్కింటి యమునాబాయి అత్త రోజూ ఒక వైద్యం మోసుకొచ్చేది. నిమ్మకాయ వాసన చూడమంది, నాలుక కింద చింతపండు పెట్టుకోమంది. ఒకరోజు మాత్రం పాత పేపరు మడతపెట్టి తెచ్చింది. "బండెక్కేటప్పుడు గిది రైక కింద కడుపుకు పెట్టుకో. కడుపుల తిప్పదు."

"తెలుగుదా, మరాఠీదా అత్తా?"

"ఏదైతేంది గాని, సచ్చినోళ్ల ఫోటోలున్న పేజీ మాత్రం వద్దు."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆమె నా చాటలోంచి ఒక ఆకు తీసి, వేళ్ల మధ్య నలుపుతూ నెమ్మదిగా అంది. "సోనా, ఒక్క మాట. నీకు బండి భయం గాదు. కోత భయం. ఒంట్లకెళ్లి ముక్క తీస్తరంటే ఎవలికి ఉండదు? నీ మనసు గా సంగతి నీకే చెప్తలేదు."

"నాకు బండి భయం పుట్టి ఎన్నేండ్లాయె! అప్పుడు కిడ్నీ ఎవరడిగిండ్రు?" అని కసిరాను. ఆమె ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఆ మాట మాత్రం వెళ్లలేదు. నిజంగానే బండి ఒక్కటేనా? నన్ను నేను అడిగితే జవాబు దొరకలేదు.

దారి చూపింది మా ఆయనే. మామూలుగా ఆయన పెద్దగా మాట్లాడడు. రోజంతా సాంచాల మోతలో ఉండేవాళ్లకు ఇంటికొచ్చాక మాటల మీద మోజుండదు. ఒక సాయంత్రం అన్నం తింటూ అన్నాడు. "కొత్త పడుగు ఎక్కిచ్చినంక ఎకదం మోటర్ ఏస్తమా? ముందుగాల చేత్తోని తిప్పి చూస్తం. పోగు ఎక్కడ తెగుతది, ఎక్కడ పట్టేస్తది, అంత చూసుకున్నంకనే మోటర్. నిన్ను గూడ చేత్తోనే తిప్పాలె."

"నేనేమన్న సాంచానా?"

"సాంచా అయితే మంచిగుండు. ఎదురు మాట్లాడదు."

మర్నాడు ఆటోరిక్షా నడిపే ప్రతీక్‌ను తీసుకొచ్చాడు. మొదటిరోజు రిక్షా మా ఇంటి ముందే నిలబడింది, ఇంజను కూడా వేయలేదు. నేను పెళ్లిపీటల మీద కూర్చున్నట్టు వెనక సీట్లో కూర్చున్నాను. గల్లీలో పిల్లలంతా చుట్టూ మూగారు. మర్నాడు ఇంజను వేశారు. ఆ తర్వాత గల్లీ చివరిదాకా. నాది ఒకటే షరతు, నేను ఆపు అంటే ప్రతీక్ ఎక్కడున్నా ఆపాలి. "ఆపు" అంటాను, ఆపుతాడు, దిగుతాను, నాలుగడుగులు నడిచి మళ్లీ ఎక్కుతాను. పాపం, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అలా ఆగుతూ ఆగుతూ ఒకరోజు కుంఠా నాకా దాకా వెళ్లి, చెరుకురసం తాగి, అదే రిక్షాలో తిరిగొచ్చాను. మా ఆయన గల్లీ అంతా పేడాలు పంచాడు. ఎవరో పిల్ల పుట్టిందా అని కూడా అడిగారు.

సరిగ్గా అప్పుడే మా అవ్వ ఒడిబియ్యం పోస్తానంది.

ఆడపిల్లకు పుట్టింటివాళ్లు ఒడి నింపడం మాలో ఉన్నదే. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, ఖర్జూరాలు, పోకలు దోసిళ్లతో కొంగులో పోసి, కొత్త చీర పెట్టి చల్లగా ఉండమంటారు. నాకు పోసి చాలా ఏళ్లయింది. పెద్ద ప్రయాణం, పెద్ద కోత. నిండు ఒడితో పంపాలని అవ్వ కోరిక. అందులో ఇంకేమీ లేదు. తమ్ముడిని వెంటబెట్టుకుని మా ఇంటికే వచ్చింది. చుట్టుపక్కల ఆడవాళ్లను పిలిచింది.

నేను తూర్పుకు తిరిగి కూర్చుని కొంగు పట్టాను. అవ్వ పోసింది. తర్వాత వినాయక్ వంతు. మిషన్ సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిన చేతులతో దోసిలి నిండా బియ్యం తీసుకుని నా ముందుకు వంగాడు. సరిగ్గా అప్పుడు బయట రిక్షా హారన్ మోగింది. ఆరోజు మమ్మల్ని సాత్ రస్తా దాకా తీసుకెళ్తానన్నాడు ప్రతీక్. అంత ట్రాఫిక్‌లోకి నేనెప్పుడూ వెళ్లలేదు. ఆ హారన్ వినగానే నా చేతులు వణికాయి. ఎంత పట్టుకున్నా ఆగలేదు. కొంగు జారింది. బియ్యం, కుడకలు, పోకలు అన్నీ నేలమీద పడ్డాయి.

ఆడవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అవ్వ గబగబా కిందికి వంగి బియ్యం ఎత్తుతోంది. వినాయక్ మాత్రం బియ్యం వైపు చూడలేదు. నా చేతుల వైపే చూస్తూ నిలబడ్డాడు.

రెండురోజులు పోయాక యమునాబాయి అత్త వచ్చి, గల్లీలో అనుకుంటున్న మాట నాకు చెప్పింది. పుట్టింటివాళ్లు ఒడి నింపి కిడ్నీ అడిగారట. నేను కాదనలేక వణికానట. ఇంటికొచ్చి కూర్చోబెట్టి, చీర పెట్టి మరీ అడిగారట! నాకు ఒళ్లు మండిపోయింది. ఆ సాయంత్రమే ఆస్పత్రి అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది. "మీ తమ్ముడు తారీఖు క్యాన్సిల్ చేయమన్నాడు, మీకు తెలుసా?" అని అడిగింది.

మర్నాడు పొద్దున్నే చాట పక్కన పడేసి నీలం నగర్‌కు బయలుదేరాను. సోలాపూర్ ఎండ సంగతి చెప్పేదేముంది, అక్కల్‌కోట్ రోడ్డు మీదికొచ్చేసరికి చెప్పుల్లోంచి కూడా కాళ్లు కాలాయి. ఆ కోపంలో నాకేమీ తెలియలేదు. లోపలికి అడుగుపెట్టీ పెట్టగానే మొదలుపెట్టాను.

"ఎవర్నడిగి ఫోన్ చేసినవ్‌రా?"

వినాయక్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లేవలేదు. "ఎవర్నడగాలె అక్కా? ఒంట్ల పెట్టుకునేది నేను."

"ఇచ్చేది నేను!"

"బియ్యం కింద పడ్డయి. నేను చూసిన గదా."

"రిక్షాకు వణికినరా పిచ్చోడా! సాత్ రస్తా అంటే వణికిన. నీకు తెల్వదా నా సంగతి? చిన్నప్పుడు సిద్ధేశ్వర్ జాత్రకు అందరు టాంగాల పోతే, నన్ను చెయ్యి పట్టుకోని నడిపిచ్చుకపోయింది ఎవలు? నువ్వు గాదా?"

వాడి పెదవి కదిలింది కానీ నవ్వలేదు. "గల్లీల మాట ఇన్నవా?"

"గల్లీల మాటకు విలువేంది?"

"అబద్ధమైతే పోనియ్యి అందు. కని నేను ఆలోచన చేసిన అక్కా. నేను నిన్ను అడగలే. ఒక్కసారి గూడ అడగలే. అడగకముందే అందరు కలిసి నిన్ను అడిగినట్టయింది. పరీక్ష సరిపోయిన దినం నుంచి నువ్వు వద్దు అనేటందుకు సందే లేదు. ఎట్లంటవ్? అంటే తమ్మున్ని చంపినట్టే గదా. గట్ల వచ్చింది నాకొద్దు."

తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు. ఇన్నాళ్లూ నేను గోడవైపు తిరిగి పడుకున్న మనిషిని చూశాను, అటు తిరిగి వాడు ఏం ఆలోచిస్తున్నాడో చూడలేదు. పక్కనే కూలబడ్డాను.

"కోత భయం గూడ ఉన్నది" అన్నాను. ఆ మాట అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు, నాతో నేను కూడా అనుకోలేదు. "లేదని అందరికి చెప్తున్న. ఉన్నది. కని నువ్వు లేకుంట పోతవన్నది ఇంకా పెద్ద భయం. ఈ రెండు పక్కన పక్కన పెట్టుకోని రోజూ చూస్తున్న. నేనే చూస్తున్న, ఎవరు చూపిస్తలేరు."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అందరు నేను కొడుకు కోసమే ఏడుస్తున్న అనుకుంటున్నరు. రెండు బల్లల మీద ఇద్దరు పండుకుంటరు గదా. నేను ఎవలి దిక్కు నిలబడాలె?"

ముగ్గురం చాలాసేపు ఏడ్చాం. ఏడిస్తే సిగ్గేముంది! ఏడ్చాక అవ్వ చాయ్ పెట్టింది. వినాయక్‌కు ఒక్క గుటక, అంతకంటే తాగనివ్వరు. ఆ గుటక నోట్లో ఉంచుకుని, మింగి, వాడు చెప్పాడు. "సరే. ఫోన్ చేస్త. కని ఒకటి. నేను, అవ్వ రైల్ల పోతం. నువ్వు, బావ వెనకకెళ్లి కార్ల రాండ్రి. నా ముఖం చూసుకుంట నువ్వు రావద్దు. నడుమ ఎక్కడికెళ్లి మర్లినా నేనేం అనుకోను. ఏడిదాకా వచ్చినవని ఫోన్ గూడ చెయ్య."

అలాగే వెళ్లాం. ప్రతీక్ తన బావ కారు తీసుకొచ్చాడు. తెల్లవారుజామున యమునాబాయి అత్త తన చేత్తోనే నా కడుపుకు పేపరు కట్టింది. అయినా మోహోళ్ రాకముందే కక్కుకున్నాను. "ఆపు" అన్న ప్రతిచోటా ప్రతీక్ ఆపాడు. దిగాను, నడిచాను, ఎక్కాను. టెంభుర్ణి దాటాక ఇక నావల్ల కాలేదు. "మర్లియ్యి. సోలాపూర్ పోదాం" అన్నాను.

ప్రతీక్ అద్దంలోంచి మా ఆయన్ను చూశాడు. మా ఆయన తల ఊపాడు. కారు వెనక్కి తిరిగింది. మా ఆయన కిటికీలోంచి చెరకు తోటలు చూస్తూ కూర్చున్నాడు. నిజంగా తిప్పుతారని నేను అనుకోలేదు. కొంతదూరం పోయాక మళ్లీ ఆపమన్నాను. దిగి, రోడ్డు పక్కన వేపచెట్టు కింద కూర్చుని నీళ్లు తాగాను.

"పుణే ఎటు?" అని అడిగాను.

మా ఆయన వేలితో చూపించాడు. లేచి ఆ వైపు నడవడం మొదలుపెట్టాను. పెద్ద రోడ్డు, పక్కనుంచి లారీలు హోరుమని పోతున్నాయి, చెమటకు పేపరు కడుపుకు అతుక్కుపోయింది. వెనక కారు పెళ్లికూతురి వెంట బ్యాండు మేళంలా మెల్లగా వస్తోంది. మా ఆయన దిగి నా పక్కన నడిచాడు. "గిట్ల నడుస్తె దివాలీ వరకు చేరుతం" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వాక కారెక్కాను. పొద్దుగూకే వేళకు పుణేలో ఉన్నాం.

మర్నాడు కమిటీ గదిలో డాక్టర్లు బల్లకు అటువైపు కూర్చున్నారు. నడుమ కూర్చున్న పెద్దావిడ తల నెరిసి ఉంది. పేరు, ఊరు, పని అడిగింది. నా చేతులు బల్లమీద పెట్టుకున్నాను. దాచాలనుకున్నాను గానీ ఎక్కడ దాచను? ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

"భయంగా ఉందా?" అని మరాఠీలో అడిగింది.

లేదు అనాలని ఇంటి దగ్గర నుంచీ వల్లె వేసుకున్నాను. "ఉంది" అన్నాను. రిక్షా నుంచి మొదలుపెట్టి టెంభుర్ణి దాకా అంతా చెప్పాను. సగం మరాఠీ, సగం తెలుగు. నడుచుకుంటూ పుణేకు బయలుదేరిన సంగతి చెప్పినప్పుడు పక్కనున్న చిన్న డాక్టరు నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. మిగతావాళ్లను కాసేపు బయటికి వెళ్లమంది.

తలుపు మూశాక కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. "చూడమ్మా, ఇది ప్రతి ఒక్కరికీ చెప్తాను. ఇవ్వడం ఇష్టం లేకపోతే ఇప్పుడు నాకు చెప్పు. నీ శరీరం దీనికి పనికిరాదని మేమే చెప్పేస్తాం. అసలు సంగతి నీ తమ్ముడికి తెలియదు, మీ అమ్మకు తెలియదు, నీ భర్తకు కూడా తెలియదు. ఎప్పటికీ ఎవరికీ తెలియదు. తొందరేమీ లేదు. కూర్చుని ఆలోచించుకో."

పైన పంఖా తిరుగుతోంది. ఆవిడ కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నన్ను చూడకుండా ఉండడానికే అలా తిరిగిందని నాకు అర్థమైంది.

తర్వాత నేను, "నేను ఇస్తాను" అన్నాను. ఆవిడ మళ్లీ అడిగింది, మళ్లీ చెప్పాను. మిగతా డాక్టర్లను లోపలికి పిలిచింది. సంతకం పెట్టి బయటికి వచ్చాను.

ఆపరేషన్ అయింది. ఇద్దరం లేచాం. వినాయక్ ఇప్పుడు బరువు పని చేయడు, సాంచాల దగ్గర బాబిన్లు చుట్టించే పని చూసుకుంటున్నాడు. నా బండి భయం ఎక్కడికీ పోలేదు. చెకప్‌కు పుణే వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా ముందు వారమంతా నిద్రపట్టదు, దారిలో ఇప్పటికీ ఆగుతూ ఆగుతూనే వెళ్తాను. గల్లీవాళ్లు మాత్రం మాట మార్చారు. అక్కంటే సోనాలి, ఒక్క నిమిషం కూడా వెనకాడలేదు అంటారు. అదీ వాళ్లే, ఇదీ వాళ్లే.

లోపల ఏమడిగారని వినాయక్ ఎన్నిసార్లు అడిగాడో. "భయమైతుందా అని అడిగిండ్రు, అయితుందన్న, సంతకం పెట్టమన్నరు" అని చెప్తాను. వాడు నవ్వుతాడు. ఆ పెద్దావిడ తలుపు మూసి అన్న మాట ఇప్పటికీ వాడికి చెప్పలేదు. అక్కకు వద్దనే సందు లేకపోయిందే అన్న బాధ వాడిలో ఇంకా ఉందని నాకు తెలుసు. సందు ఉండిందిరా, నిజంగానే ఉండింది అని చెప్తే ఆ బాధ పోతుంది. చెప్పాలనే ఉంటుంది. కానీ చెప్పగానే వాడు, "మరి నువ్వు ఎంతసేపు ఆలోచన చేసినవక్కా?" అని అడుగుతాడు. వాడితో నేను అబద్ధం చెప్పలేను.

ఆ గదిలో చాలాసేపు కూర్చున్నాను.